అడవిపంది తగిలిన కారుకి డివైడర్ కథ ఎందుకు?

ప్రశ్న: మేం వనస్థలిపురంలో ఉంటాం. పోయిన ఆదివారం శ్రీశైలం దర్శనం చేసుకుని కారులో తిరిగొస్తున్నాం. మా ఆయన నడుపుతున్నారు. అత్తయ్య, బాబు వెనక కూర్చున్నారు. అడవి దాటేశాం, డిండి కూడా దాటాక రాత్రి ఏడున్నర ప్రాంతంలో ఎడమ పక్క చేనులోంచి పెద్ద అడవిపంది ఒక్కసారిగా రోడ్డు మీదికొచ్చింది. బ్రేక్ వేసినా తగిలేసింది. అది పడి, లేచి, అవతలి తుప్పల్లోకి వెళ్లిపోయింది. బంపర్ పగిలింది, ఒక హెడ్‌లైట్ పోయింది, బోనెట్ వంగింది. అత్తయ్యకు ముందు సీటు తగిలి నుదురు చిట్లింది. బండి స్టార్ట్ అవుతోంది కదా అని నెమ్మదిగా బయల్దేరాం. వెల్దండ దగ్గర టెంపరేచర్ లైట్ వెలిగింది. ఆగి నీళ్లు పోసుకుని మళ్లీ కదిలాం. ఆమనగల్లు రాకముందే ఇంజన్ ఆగిపోయింది. రికవరీ వ్యాన్‌కి 6,500 ఇచ్చి ఎల్బీనగర్ దగ్గర ఒక షెడ్డుకి తెచ్చాం. ముందు భాగానికి 72,000, ఇంజన్ పనికి 45,000 అవుతుందంటున్నారు. కారు పెట్రోల్, 1,200 సీసీ, కొని మూడేళ్లు దాటింది. ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అన్న ఏజెంట్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. మెకానిక్ ఏమో, ‘అడవిపంది అని రాస్తే ఫారెస్ట్ కేసు అవుతుంది, కంపెనీ కూడా డబ్బులివ్వదు. డివైడర్‌కి తగిలిందని రాయండి, కారు కడిగేద్దాం’ అంటున్నాడు. మా మరిది, క్లెయిమ్ చేస్తే బోనస్ పోతుంది, మనమే పెట్టుకుందాం అంటున్నాడు. అత్తయ్య అసలు కారే అమ్మేయమంటున్నారు. మూడు రోజులైంది, ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకురాలు, వనస్థలిపురం

సమాధానం: అమ్మా, మిగతాది తర్వాత చదువుదురుగాని, ముందు మీ పాలసీ కాగితం మీద ఉన్న టోల్‌ఫ్రీ నంబర్‌కి ఫోన్ చేసి క్లెయిమ్ నమోదు చేయించండి. ఏజెంట్ ఎత్తకపోతే ఎత్తకపోయాడు, అతనితో పని లేదు. కంపెనీ యాప్‌లోనైనా చేయొచ్చు. క్లెయిమ్ నంబర్ మెసేజ్ వచ్చేదాకా ఫోన్ పెట్టేయకండి. ఆ వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేసి, డ్యామేజీ లెక్కగట్టే సర్వేయర్ వచ్చి చూసేదాకా కారు కడగొద్దని, ఒక్క నట్టు కూడా విప్పొద్దని చెప్పండి.

మూడు రోజులు ఆలస్యమైందని టెన్షన్ పడకండి. ప్రమాదం జరిగిన వెంటనే తెలియజేయాలని పాలసీ షరతుల్లో ఉన్న మాట నిజమే. అయితే కేవలం ఆలస్యమైందన్న కారణంతో నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2011లోనే కంపెనీలకు సర్క్యులర్ ఇచ్చింది. ఎందుకు ఆలస్యమైందని అడిగితే ఉన్నది చెప్పండి. పెద్దావిడకు దెబ్బ తగిలింది, ఏజెంట్ దొరకలేదు, ఎవరికి చెప్పాలో తెలియలేదు. సరిపోతుంది. ఇంకో వారం నానిస్తే మాత్రం సరిపోదు.

ఇక మెకానిక్ సలహా. మీ ఉత్తరంలో నాకు భయం వేసిన విషయం పంది కాదు, ఇదే.

మీది ఓన్ డ్యామేజ్ (సొంత కారుకి జరిగిన నష్టానికి డబ్బిచ్చే భాగం) ఉన్న పాలసీ అయితే, బయటినుంచి వచ్చి తగిలిన దేనివల్ల కారు దెబ్బతిన్నా అది ప్రమాదం కిందికే వస్తుంది. అడవిపంది కావచ్చు, జింక కావచ్చు, గేదె కావచ్చు, మన గల్లీ కుక్క కావచ్చు, డివైడరే కావచ్చు. పాలసీ దృష్టిలో వీటికి తేడా లేదు. అంటే డివైడర్ అని రాస్తే మీకు ఒక్క రూపాయి కూడా ఎక్కువ రాదు. లాభం లేని అబద్ధానికి, నిజంగా రావాల్సిన డబ్బును పణంగా పెట్టడమెందుకు? కారణం తప్పు రాశారని తేలితే, ‘డ్యామేజీ నిజమే కదండీ’ అని మీరు ఎంత మొత్తుకున్నా వినరు. తప్పుడు సమాచారం ఇచ్చారన్న ఒక్క మాటతో ఫైలు మూసేస్తారు, ఆ తర్వాత ఏ ఫోరానికి వెళ్లినా మీ మాటకు బలం ఉండదు.

తేలకపోతుందా అంటారేమో. సర్వేయర్‌గా నేను చూసిన బండ్ల లెక్కన చెబుతున్నాను, చాలా సులువుగా తేలుతుంది. డివైడర్ తగిలిన బంపర్ మీద సిమెంటు పొడి ఉంటుంది, ఒకే దిశలో గీతలుంటాయి, నలుపు పసుపు రంగులు అంటుకుని ఉంటాయి. పంది తగిలితే గీతలుండవు. ఎత్తు తక్కువ, బరువు ఎక్కువ. బాగా పెరిగిన మగపంది వంద కిలోలు దాటుతుంది. అందుకని బంపర్ కింది సగం గుండ్రంగా లోపలికి పోయి, వెనకున్న ఏసీ కండెన్సర్, రేడియేటర్ మీదికి వాలుతుంది. పైన బోనెట్ అంచు మాత్రం కొద్దిగా లేస్తుంది. అదే దుప్పి అయితే కాళ్లు పొడవు కాబట్టి కింద కాళ్లకు తగిలి, ఒళ్లు బోనెట్ మీదికి దొర్లి అద్దం దాకా వస్తుంది. ఇక వెంట్రుకలు. అడవిపంది వెంట్రుక బట్టల బ్రష్ పీచులా బిరుసుగా, నల్లగా ఉంటుంది, కొస చీలి ఉంటుంది. గ్రిల్ సందుల్లో, కండెన్సర్ రెక్కల మధ్య ఇరుక్కుంటే పైపుతో నీళ్లు కొట్టినా పోదు. మీరు కారు ఇంకా కడగలేదు కాబట్టి ఇప్పుడే వెళ్లి, ఆ గ్రిల్‌ను దగ్గరగా ఫోటోలు తీసుకోండి. వెంట్రుకలను మీరు పీకొద్దు, అక్కడే ఉండనివ్వండి. మీ మెకానిక్ కడిగేద్దామంటున్నది మీకున్న అన్నింటికంటే గట్టి సాక్ష్యాన్ని.

పైగా డివైడర్ అన్నారనుకోండి, ఏ కిలోమీటర్ దగ్గర, ఏ పక్క, ఫోటో ఏది అని అడుగుతారు. మీ ఆయన ఫోన్‌లో లొకేషన్ ఒకటి చెబుతుంది, రికవరీ వ్యాన్ బిల్లు ఇంకొకటి చెబుతుంది. పాపం ఆయన ఎక్కడో దొరికిపోతారు.

క్లెయిమ్ ఫారంలో ‘ప్రమాదం ఎలా జరిగింది’ అన్న చోట ఇలా రాస్తే చాలు: ‘ఫలానా తేదీ రాత్రి సుమారు 7.30కి శ్రీశైలం నుంచి హైదరాబాద్ వస్తుండగా, డిండి దాటిన తర్వాత ఎడమ వైపు పొలంలోంచి అడవిపంది హఠాత్తుగా రోడ్డు మీదికి వచ్చింది. బ్రేక్ వేసినప్పటికీ కారు ముందు భాగం దానికి తగిలింది. జంతువు లేచి వెళ్లిపోయింది. కొంత దూరం ప్రయాణించాక టెంపరేచర్ లైట్ వెలిగింది, నీళ్లు పోసి మళ్లీ బయల్దేరాం, ఆమనగల్లుకు ముందు ఇంజన్ ఆగిపోయింది.’ ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే ఇదే విషయం రాయించండి, అలంకారాలు వద్దు. చివరి వాక్యం మీకు ఇబ్బందిగా అనిపిస్తుంది. దాని సంగతి కింద చెబుతాను.

ఫారెస్ట్ కేసు గురించి. ఆ భయం పూర్తిగా ఉత్తిది కాదు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వన్యప్రాణుల సంరక్షణ చట్టం 1972 నాటిది. దానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్‌లో ఉంది, అంటే రక్షణ ఉన్న జంతువే. ఆ చట్టంలో వేట అంటే తుపాకీతో కాల్చడం ఒక్కటే కాదు, చంపడం, గాయపరచడం కూడా అందులోకే వస్తాయి. ఈ మాటలు సగం విన్నవాళ్లే ‘కేసు అవుతుంది’ అని భయపెడుతుంటారు. కానీ మీరు వెంటాడలేదు, వల వేయలేదు. మామూలు రోడ్డు మీద మామూలుగా వెళ్తుంటే అదే అడ్డొచ్చింది, బ్రేక్ వేశారు, అది లేచి వెళ్లిపోయింది. అధికారులు చూసేది ముఖ్యంగా రెండు: ఎక్కడ జరిగింది, తర్వాత మీరేం చేశారు.

ఎక్కడ అన్నదానికి మీ జవాబు బాగానే ఉంది. మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా వాహనాలనే వదలరు. ఆ అడవిలో, అదీ వేగంగా వెళ్తూ, దుప్పినో కణుజునో కొట్టి ఉంటే మాత్రం వేరే సంగతి. వెంటనే చెక్‌పోస్టులో చెప్పి తీరాలి, బండిని ఆపి విచారించినా ఆశ్చర్యం లేదు. మీది డిండి దాటాక, చేల మధ్య జరిగింది.

తర్వాత ఏం చేశారన్నది ఇంకా ముఖ్యం. జంతువు చనిపోతే అది ప్రభుత్వ ఆస్తి అవుతుంది. పొరపాటున చనిపోయినా అంతే. దాన్ని ఎవరైనా స్వాధీనం చేసుకుంటే 48 గంటల్లోగా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కో, అటవీ అధికారికో తెలియజేయాలని చట్టం చెబుతోంది. ఊళ్లవాళ్లు కూడి ‘పోగులేసుకుందాం, మీకూ ఒక పోగు’ అంటే నవ్వుకుంటూ డిక్కీ తెరిచిన మహానుభావులు ఉన్నారు. కేసంటే అదీ. ప్రమాదం కాస్తా ఆ మాంసంతో నేరంగా మారుతుంది. మీరు ముట్టుకోలేదు, తెచ్చుకోలేదు, కాబట్టి ఆ చిక్కు లేదు.

అయినా ఒక కాగితం చేతిలో ఉంచుకోమంటాను. ప్రమాదం జరిగిన చోటు ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో 100కి ఫోన్ చేస్తే చెబుతారు. అక్కడికి మీ ఆయన్ని పంపి, జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చి, జనరల్ డైరీలో ఎంట్రీ వేయించి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోమనండి. అదే ఉత్తరం కాపీ ఒకటి అటవీ రేంజ్ ఆఫీసులో ఇవ్వాలి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. మనుషులెవరికీ పెద్ద గాయాలు కానప్పుడు, అవతల వేరే వాహనం లేనప్పుడు ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌కు ఎఫ్ఐఆర్ కావాలని చాలా కంపెనీలు పట్టుబట్టవు. కానీ ఈ కాపీ ఉంటే, రేపు సర్వేయర్‌కు నమ్మకం కుదురుతుంది, ఎల్లుండి ఎవరైనా అడిగితే దాచలేదని చూపించొచ్చు. దాచిపెట్టాక బయటపడితే పద్ధతిగా చెప్పుకునే వీలు పోతుంది.

ఇప్పుడు డబ్బుల సంగతి. ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అన్న మాటను నమ్మకండి, పాలసీ తీసి చూడండి. ప్రీమియం పట్టికలో ‘ఓన్ డ్యామేజ్’ అన్న చోట అంకె ఉండాలి. కొత్త కారు కొన్నప్పుడు థర్డ్ పార్టీ (మన కారు వల్ల ఎదుటివాళ్లకయ్యే నష్టానికి బీమా) మూడేళ్లకు ఒకేసారి కట్టాలన్న నిబంధన 2018 సెప్టెంబర్ నుంచి ఉంది. దాంతో చాలామంది మొదటి ఏడాది తర్వాత ఓన్ డ్యామేజ్ రెన్యువల్ మర్చిపోయి, ఇన్సూరెన్స్ నడుస్తోందనే అనుకుంటుంటారు. మీకు మూడేళ్లు దాటాయి కాబట్టి ఈమధ్యే రెన్యువల్ చేయించి ఉంటారు. అందులో ఏమేం ఉన్నాయన్నదే ప్రశ్న. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే, క్షమించండి, కారుకి పైసా రాదు, అప్పుడు మీ మరిది గారి మాటే గెలుస్తుంది. ఓన్ డ్యామేజ్ ఉంటే, పక్కన ‘జీరో డిప్రిసియేషన్’ (సామాను పాతబడిందని కోత వేయకపోవడం) అని ఉందా చూడండి. దాన్నే షోరూంల్లో బంపర్ టు బంపర్ అంటారు.

ఆ ఒక్క మాట వల్ల ఎంత తేడా వస్తుందో మీ ఎస్టిమేట్ మీదే చూపిస్తాను. మీరు పార్టుల వారీగా పంపలేదు, కాబట్టి 72,000ను నా అంచనాతో విడదీస్తున్నాను. బంపర్, గ్రిల్, హెడ్‌లైట్, ఫ్యాన్ లాంటి ప్లాస్టిక్ సామాను 26,000 అనుకుందాం. రేడియేటర్, కండెన్సర్, బోనెట్ కలిపి లోహం సామాను 26,000. పెయింటింగ్ 12,000, లేబర్ 8,000. జీరో డిప్రిసియేషన్ లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగమే ఇస్తారు, అక్కడ 13,000 మీ చేతినుంచి. లోహం పార్టులకు కారు వయసును బట్టి కోత. మూడు నుంచి నాలుగేళ్ల మధ్య కారుకి 25 శాతం, అంటే 6,500. పెయింటింగ్ బిల్లులో నాలుగో వంతును మెటీరియల్‌గా లెక్కేసి దానిలో సగం కోస్తారు, అది 1,500. లేబర్‌కి కోత లేదు. ఇవన్నీ 21,000. పైన తప్పనిసరి మినహాయింపు ఒకటుంది, 1,500 సీసీ లోపు కారుకి 1,000. మొత్తం 22,000 మీది, 50,000 కంపెనీది. జీరో డిప్రిసియేషన్ ఉంటే మీకు పడేది ఆ 1,000 ఒక్కటే, 71,000 వస్తుంది. పాత సామాను విలువ కింద కొద్దిగా తగ్గించవచ్చు. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ ‘వాలంటరీ డిడక్టిబుల్’ (ప్రతి క్లెయిమ్‌లో మీరే భరిస్తామని ఒప్పుకున్న మొత్తం) పెట్టి ఉంటే అదీ పోతుంది, ఒకసారి చూసుకోండి.

రికవరీ వ్యాన్‌కి ఇచ్చిన 6,500లో మామూలు పాలసీ ఇచ్చేది 1,500 దాకానే. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ తీసుకుని ఉంటే ఆ రాత్రి ఒక్క ఫోన్‌తో వాళ్లే వ్యాన్ పంపేవారు. రసీదు మాత్రం పారేయకండి.

ఇంజన్ దగ్గర మీకు చేదు మాట చెప్పాలి. ఆ 45,000 వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. పంది తగిలి పగిలింది రేడియేటర్. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ కారిపోయాక నడపడం వల్ల వేడెక్కింది ఇంజన్. ప్రమాదం తర్వాత రిపేరు చేయించకుండా నడిపితే, అలా పెరిగిన నష్టం యజమాని సొంత పూచీ మీదే అని మోటారు పాలసీ షరతుల్లో స్పష్టంగా ఉంది. చీకట్లో, నుదుటి మీద రక్తంతో పెద్దావిడ, చిన్న పిల్లాడు వెనక ఉంటే, ఆ రోడ్డు మీద ఆగకుండా ఊరు చేరుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ షరతు రాసినవాళ్లు ఆ చీకట్లో నిలబడలేదు. కానీ సర్వేయర్ చేతిలో ఉన్నది ఆ షరతే. వెల్దండలో లైట్ వెలిగాక నీళ్లు పోసి మళ్లీ నడపడం మీ కేసులో బలహీనమైన చోటు. అలాగని దాన్ని మింగేసి ‘తగిలిన చోటే ఆగిపోయింది’ అని రాయకండి. రికవరీ వ్యాన్ ఎక్కించుకున్నది ఆమనగల్లు దగ్గర. స్కానర్ పెడితే ఇంజన్ ఎంత వేడెక్కిందో కూడా తెలిసే అవకాశం ఉంది. ఈ ఒక్క అబద్ధంతో పైన చెప్పిన 50,000 కూడా అనుమానంలో పడుతుంది.

కాబట్టి రెండు ఎస్టిమేట్లు విడివిడిగా రాయించండి, ముందు భాగానికి ఒకటి, ఇంజన్‌కి ఒకటి. రెండూ కలిపి ఇస్తే రెండో దాని గొడవలో మొదటిది ఆలస్యమవుతుంది. మీ పాలసీలో ‘ఇంజన్ ప్రొటెక్ట్’ ఉంటే దాని షరతులు చదవండి. అవి ఎక్కువగా ఇంజన్‌లోకి నీళ్లు పోవడం, ఆయిల్ కారిపోవడం గురించే ఉంటాయి. కూలెంట్ కారిపోవడం కూడా రాసి ఉంటే అడిగి తీసుకోండి.

ఆ 45,000 కూడా నిజంగా అవుతుందో లేదో చూడాలి. ఇంజన్ విప్పకుండానే చెప్పిన అంకె అది. డిప్‌స్టిక్ తీసి చూడమనండి, ఆయిల్ ఫిల్లర్ మూత కింద కూడా చూడమనండి. ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగులో నురగగా ఉంటే కూలెంట్ ఆయిల్‌లో కలిసినట్టే, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఉంటుంది. ఆయిల్ శుభ్రంగా ఉంటే, సర్వే అయ్యాక ముందు రేడియేటర్ మార్చి, కూలెంట్ నింపి, కంప్రెషన్ టెస్ట్ చేయించి అప్పుడు మాట్లాడండి. గ్యాస్కెట్ ఒక్కటే పోతే ఖర్చు బాగా తగ్గుతుంది. హెడ్ వంగిందంటే లేత్ పనికి పంపుతారు, బ్లాక్ దాకా వచ్చిందంటేనే పెద్ద ఖర్చు. కారు కడిగేద్దామన్న షెడ్డు మాటే చివరి మాట అనుకోకండి, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో కూడా ఒక ఎస్టిమేట్ తీసుకోండి. క్యాష్‌లెస్ కావాలన్నా మీ ఇన్సూరెన్స్ కంపెనీతో ఒప్పందం ఉన్న గ్యారేజీకే వెళ్లాలి. లేకపోతే ముందు మీరు కట్టి, జీఎస్టీ బిల్లులు పెట్టి తర్వాత తీసుకోవాలి.

మీ మరిది గారి బోనస్ లెక్క. ఆయనన్నది నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), అంటే క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు. ఆయన్ని తీసిపారేయను, చిన్న డ్యామేజీకి అది మంచి సలహానే. ఏడెనిమిది వేల గీతకి క్లెయిమ్ చేయడం దండగ. కానీ ఇక్కడ లెక్క వేరు. ఇప్పటిదాకా క్లెయిమ్ లేకపోతే ఈ ఏడాది మీకు 35 శాతం బోనస్ ఉండాలి. వచ్చే రెన్యువల్‌కి 45, ఆ తర్వాత ఏటా 50. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడు సున్నా, ఆపైన 20, 25, 35, 45, చివరికి మళ్లీ 50. రెంటికీ మధ్య ఏటేటా తేడా 45, 30, 25, 15, 5. కూడితే 120 శాతం. ఈ బోనస్ వర్తించేది ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ మీద కాదు. బోనస్ తీయకముందు మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000 అనుకుంటే ఐదేళ్లలో పోయేది మహా అయితే 9,600. కారు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే. అది మిగుల్చుకోవడానికి 50,000 వదులుకుంటారా? మీ పాలసీలో, క్లెయిమ్ చేసినా బోనస్‌ను కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్షన్ ఉంటే ఈ చర్చే అక్కర్లేదు.

అత్తయ్య గారి వైద్యం ఖర్చు మామూలు కారు పాలసీలో రాదు. యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా మరణానికి, శాశ్వత వైకల్యానికే. ఆమెకు హెల్త్ పాలసీ ఉంటే అందులో చూడండి. నుదుటికి ఒకసారి డాక్టర్‌తో చూపించారనే అనుకుంటున్నాను, చూపించకపోతే అది ఇన్సూరెన్స్ కంటే ముందు. వెనక సీటుకి కూడా బెల్టు ఉంది, ఈసారి పెట్టించండి.

సర్వేయర్ ఎప్పుడొస్తాడని మీరు ఎదురుచూస్తూ కూర్చోకండి. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, ఆ తర్వాత 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. సర్వేయర్ వచ్చినప్పుడు మీ ఆయన పక్కనే ఉండాలి, డ్రైవింగ్ లైసెన్స్, ఆర్సీ ఒరిజినల్స్ పట్టుకుని. కారు నడిపింది ఎవరని అడుగుతారు, నడిపినవాళ్లే చెప్పాలి. రిపోర్టు కాపీ అడగండి, అది మీ హక్కు. కోత ఎక్కడ ఎందుకు వేశారో అందులోనే కనిపిస్తుంది.

ముందు భాగానికి కూడా డబ్బులివ్వం అని కంపెనీ అంటే ఫోన్లో వాదించొద్దు. కారణం రాతపూర్వకంగా అడిగి, కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి మెయిల్ చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఇలాంటి ఫిర్యాదులు తేల్చే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, ఆఫీసు మన లక్డీకాపూల్ ప్రాంతంలోనే ఉంది. కంపెనీ జవాబు వచ్చిన ఏడాదిలోగా వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల నంబర్ 155255.

మీరు అడగలేదు గానీ, ఆ రోడ్డు మీద మళ్లీ వెళ్తారు కాబట్టి చెబుతున్నాను. అడవిపందులు సాధారణంగా గుంపుగా తిరుగుతాయి. ఒకటి దాటిందని యాక్సిలరేటర్ నొక్కకండి, వెనక ఇంకా ఉంటాయి. తప్పించబోయి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే చెట్టుకో, ఎదురుగా వచ్చే బస్సుకో తగులుతుంది. మీ ఆయన తిప్పకుండా తిన్నగా బ్రేక్ వేశారు చూడండి, ఆ పని సరిగ్గా చేశారు.

దర్శనం చేసుకుని వస్తుంటే వరాహం అడ్డొచ్చిందన్న అత్తయ్య గారి బాధ గురించి నేను వాదించను. నిమ్మకాయలు తొక్కించండి, గుమ్మడికాయ కొట్టండి, ఆ ఖర్చు ఏ పాలసీలోనూ రాదు. నిజంగానే అమ్మాలనుకుంటే క్లెయిమ్ డబ్బు ఖాతాలో పడి, రిపేరు బిల్లులు చేతికొచ్చాకే అమ్మండి. అమ్మిన 14 రోజుల్లోగా పాలసీని తమ పేరుకి మార్చమని కంపెనీకి దరఖాస్తు చేసుకోమని కొన్నవాళ్లకు చెప్పండి. వాళ్లు ప్రమాదం సంగతి అడిగితే వాళ్లకీ పందే అని చెప్పండి.